నెలకా, మీటింగుకా?

నా మూడు నిమిషాల ప్రసంగం మా సిటీ హాలు రికార్డుల్లో భద్రంగా ఉంది. ఎవరు కావాలంటే వాళ్లు చూడొచ్చు. మా అమ్మాయి మనసు బాగోనప్పుడల్లా పెట్టుకుని చూస్తుంది. ఒకటో నిమిషం దాటిన చోట ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూస్తుంది. అక్కడ నేను చూపుడువేలు పైకెత్తి, "ఒక్క మీటింగుకు 950 డాలర్లా?" అని గర్జిస్తాను. వెనక వరసలోంచి ఒక ముసలావిడ గొంతు, చాలా దయగా, వినిపిస్తుంది: "నెలకు, నాయనా."

ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. వీడియో చూసి తెలుసుకున్నాను.

మాది కాలిఫోర్నియాలో ముప్పై వేల జనాభా ఉన్న ఊరు. మేయరుతో కలిపి అయిదుగురు కౌన్సిల్ సభ్యులు. అయిదుగురికీ బతుకుతెరువు వేరే ఉంది. నెలకు రెండు మంగళవారాలు సాయంత్రం కూర్చుని ఊరి పనులు చూస్తారు. ఇవేవీ అప్పటికి నాకు తెలియవు. పదకొండేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్నా నేను సిటీ హాలుకి వెళ్లింది ఒకే ఒక్కసారి, పెరట్లో షెడ్డు వేసుకోవడానికి పర్మిట్టు కోసం. అప్పుడు కూడా కౌంటర్ దగ్గరమ్మాయితో ఫీజు గురించి వాదించి వచ్చాను.

2024 సెప్టెంబరులో ఒకరోజు మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. "మన కౌన్సిల్ వాళ్లు తమ జీతాలు తామే 217 శాతం పెంచుకుంటున్నారు, మేలుకోండి" అని. కింద నిప్పులు కక్కే మొహాలు మూడు. ఎవరు రాశారో తెలీదు, ఎక్కడిదో తెలీదు. నేను మేలుకున్నాను. పూర్తిగా చదవక ముందే ఇంకో రెండు గ్రూపులకు పంపించాను కూడా.

అంత కోపం ఎందుకొచ్చిందని ఇప్పుడు ఆలోచిస్తే, దానికి కావలసిన ఎండుపుల్లలు నేను ఇంటి దగ్గర్నుంచే మోసుకొచ్చానని అర్థమవుతుంది. గుంటూరు జిల్లాలో పెరిగినవాణ్ని. అసెంబ్లీలో మైకులు విరగ్గొట్టుకునే పార్టీలు జీతాల బిల్లు వచ్చేసరికి పెళ్లిపందిట్లో వియ్యంకుల్లా ఒకరికొకరు వడ్డించుకోవడం పేపర్లో చదువుతూ పెరిగాను. 2016 మార్చిలో తెలంగాణ శాసనసభ ఎమ్మెల్యేల నెలసరి రాబడిని సుమారు రెండున్నర లక్షలకు పెంచుకున్న రోజు, ఆఫీసు క్యాంటీన్లో నేను చేసిన ఉపన్యాసానికి మా తమిళ మిత్రుడు భోజనం ట్రే పట్టుకుని వేరే టేబులుకు వెళ్లిపోయాడు. అలాంటివాడికి 217 శాతం అంకె దొరికింది. పైగా ఆ ఏడాది నా జీతం పెరిగింది మూడు శాతం.

పోనీ కోపంతో ఊరుకున్నా బాగుండేది. తయారీ కూడా చేశాను. పౌరసత్వ పరీక్ష కోసం బట్టీ పట్టిన వంద ప్రశ్నల్లో రాజ్యాంగానికి ఎన్ని సవరణలు అన్నది ఒకటి. జవాబు ఇరవై ఏడు. సంఖ్య చాలు, అవేమిటో చెప్పక్కర్లేదు. ఆ రాత్రి మొదటిసారి ఇరవై ఏడోది ఏమిటో చూశాను. చూసి కుర్చీలోంచి లేచాను. సాక్షాత్తూ జీతాల గురించే! కాంగ్రెస్ సభ్యుల జీతం మారుస్తూ చట్టం చేస్తే, మధ్యలో ఒక ఎన్నిక జరిగే దాకా అది అమలు కాకూడదు. దాని వెనక కథ ఇంకా గొప్పది. జేమ్స్ మాడిసన్ 1789లో ప్రతిపాదిస్తే సరిపడా రాష్ట్రాలు ఒప్పుకోక మూలన పడింది. 1982లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ వాట్సన్ అనే విద్యార్థి, దానికి గడువంటూ పెట్టలేదు కాబట్టి ఇప్పటికీ బతికే ఉందని ఒక పేపరు రాశాడు. ఆ పేపరుకి సి గ్రేడు వచ్చింది. అతను ఊరుకోలేదు. రాష్ట్రాల శాసనసభ్యులకు ఉత్తరాలు రాసీ రాసీ, 1992 మే నాటికి దాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించాడు. ప్రతిపాదించిన 202 ఏళ్లకు! 2017లో విశ్వవిద్యాలయం ఆ పాత సి గ్రేడును ఏ గా మార్చింది.

మార్కులు తక్కువ వేసినందుకు రాజ్యాంగాన్నే మార్చిన కుర్రాడి కథ దొరికితే తెలుగువాడెవడైనా వదులుతాడా? మూడు నిమిషాల ప్రసంగంలో ఒక నిమిషం వాట్సన్‌కే ఇచ్చాను. అజెండాలోని అసలు కాగితాలు చదవడానికి టైము లేకపోయింది. కాగితాలంటే సిటీ సిబ్బంది రాసిన నివేదిక, ఆర్డినెన్స్ ముసాయిదా. అన్నీ కలిపి తొమ్మిది పేజీలు. మీటింగుకు 72 గంటల ముందే అజెండా అందరికీ కనిపించేలా పెట్టాలని అక్కడ చట్టం. వాళ్లు పెట్టారు. చదవనిది నేను.

మంగళవారం రాత్రి వెళ్లాను. గుమ్మం దగ్గర చిన్న కార్డు నింపమన్నారు. పేరు, ఏ అంశం మీద మాట్లాడతారు, అనుకూలమా వ్యతిరేకమా. 'వ్యతిరేకం' ఎదుట టిక్కు ఎంత గట్టిగా పెట్టానంటే కార్డుకి చిల్లు పడింది. హాల్లో మొత్తం ఆరుగురు ఉన్నారు. ఇంత అన్యాయం జరుగుతుంటే ఆరుగురేనా అనుకున్నాను.

ప్రసంగం సంగతి కొంత చెప్పాను. వాట్సన్‌తో మొదలుపెట్టి, 27వ సవరణను ఉల్లంఘిస్తున్నారని ఆరోపించి, మీటింగుకు 950 డాలర్లా అని గర్జించి, నెలకు అని సరిదిద్దబడి, ఆ దెబ్బనుంచి తేరుకోవడానికి చేతికందిన పెద్ద రాయి తీసి విసిరాను: "మన ఊరిని ఇంకో బెల్ చేస్తారా?"

బెల్ అంటే లాస్ ఏంజెలెస్ పక్కన రెండున్నర చదరపు మైళ్ల పేద ఊరు. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకర్లు బయటపెట్టేదాకా, అక్కడి సిటీ మేనేజర్ రాబర్ట్ రిజ్జో ఏటా దాదాపు ఎనిమిది లక్షల డాలర్ల జీతం తీసుకున్నాడు. పార్ట్‌టైం కౌన్సిల్ సభ్యులు ఒక్కొక్కరు లక్షకు దగ్గరగా తీసుకున్నారు. తర్వాత జైళ్లు, శిక్షలు, ఆ పత్రికకు పులిట్జర్. కాలిఫోర్నియాలో సిటీ జీతాల మాట వస్తే బెల్ పేరు ఎత్తడం, మన దగ్గర కుంభకోణం మాట వస్తే హర్షద్ మెహతా పేరు ఎత్తడం లాంటిది. సందర్భం కుదరకపోయినా వినేవాళ్లు తలూపుతారు.

ఎర్రలైటు వెలిగింది. కూర్చున్నాను. మేయరు థాంక్యూ చెప్పి, సిటీ అటార్నీ వైపు తిరిగి, కొంచెం వివరిస్తారా అన్నాడు.

ఆ లాయరు ముఖంలో వెటకారం ఆవగింజంత కూడా లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. 27వ సవరణ అమెరికా కాంగ్రెస్‌కు మాత్రమేనని, నగరాలకు వర్తించదని చెప్పాడు. ఇలాంటి ఊళ్ల సంగతి రాష్ట్ర చట్టం చూసుకుంటుంది. గవర్నమెంట్ కోడ్‌లో 36516వ సెక్షను. జనాభాని బట్టి నెల జీతానికి గరిష్ఠ పరిమితి పెడుతుంది. 35 వేలు దాటని ఊరికి ఆ పరిమితి 300 డాలర్లని 1984లో రాశారు. 1984! నేను పలకా బలపం పట్టిన రోజులు. అప్పట్నుంచి 2023 దాకా ఆ అంకె అక్కడే కూర్చుంది. ఏడాదికి అయిదు శాతం చొప్పున పెంచుకోవచ్చని వెసులుబాటు ఉంది గానీ, అది కూడా దానంతటది పెరిగేలా రాసుకోకూడదు. ప్రతిసారీ జనం ముందు మళ్లీ ఆర్డినెన్స్ తేవాలి. 300 మీద అయిదు శాతమంటే పదిహేను డాలర్లు. పదిహేను డాలర్ల కోసం నాలాంటివాళ్ల తిట్లు ఎవరు పడతారు? మా ఊళ్లో ఎవరూ అడగలేదు. నలభై ఏళ్లు 300 మీదే నడిచింది.

2023లో సెనేటర్ బిల్ డాడ్ తెచ్చిన బిల్లుతో రాష్ట్రం ఆ పాత అంకెల్ని కదిపింది. 2024 జనవరి నుంచి మా బోటి ఊళ్లకు పరిమితి 950 డాలర్లు. రెండున్నర లక్షల జనాభా దాటిన ఊళ్లకు 3,200. ఎవరో అత్యాశతో వేసిన అంకె కాదు. 1984లో 300 డాలర్లకు వచ్చే సరుకులకు 2023లో సుమారు 880 ఇచ్చుకోవాలి. అంటే మెసేజ్‌లో నిప్పులు కక్కిన ఆ 217 శాతంలో ఎక్కువ భాగం ధరలే మింగేశాయి. ఈ లెక్క నేను వేసుకోలేనిదేం కాదు. రోజూ స్ప్రెడ్‌షీట్లతోనే బతుకుతాను. అంకెలో కోపం కనిపించినప్పుడు లెక్క వెయ్యాలనిపించదు, అంతే.

చివరికి బెల్ దగ్గరికి వచ్చాడు. "బెల్ ఈ చట్టం కింద ఆ జీతాలు తీసుకోలేదు. ఈ చట్టంలోంచి బయటపడి తీసుకుంది" అన్నాడు. 

కాలిఫోర్నియాలో 480కి పైగా నగరాలుంటే, ఎక్కువ భాగం జనరల్ లా సిటీలు. అంటే రాష్ట్రం గీసిన గీతలోపల నడిచేవి. మిగిలినవి చార్టర్ సిటీలు. ఓటర్లు ఆమోదించిన సొంత రాజ్యాంగం లాంటిది వాటికి ఉంటుంది, జీతాలు దాని ప్రకారం. లాస్ ఏంజెలెస్ చార్టర్ సిటీయే. అక్కడి పదిహేను మంది కౌన్సిల్ సభ్యుల జీతాన్ని జడ్జీల జీతానికి ముడిపెట్టారు కాబట్టి ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటుతుంది. వాళ్లది పూర్తికాలం పని. ఇక బెల్ 2005లో ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టి చార్టర్ సిటీగా మారింది. ఆ ఎన్నికలో ఓటు వేసినవాళ్లు నాలుగు వందల మంది కూడా లేరు. తర్వాత ఎప్పుడోగానీ సమావేశం కాని కమిటీల పేరుతో సభ్యులు జీతాలు పిండుకున్నారు. అంటే నేను ఏ పరిమితిని చూసి దోపిడీ అని అరిచానో, ఆ పరిమితి లేకపోవడమే బెల్. పాము కరిచిందని కర్రనే విరగ్గొట్టిన తెలివి నాది.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఒకే ఒక్క మాట అంది. "తొమ్మిది పేజీలేగా అండీ, చదివి వెళ్లాల్సింది."

అక్కడితో ఆగితే ఇది నవ్వుకుని మర్చిపోయే సంగతి. నేను ఆగలేదు. నలుగురిలో తప్పు మాట్లాడినవాడికి రెండు దారులుంటాయి. తప్పైందనడం, లేదా ఇంకో చోట ఒప్పు వెతికి తేవడం. నేను రెండోది పట్టుకున్నాను. రెండు వారాలు టైముంది. కొత్త నియమం ప్రకారం జీతం పెంచే ఆర్డినెన్స్‌ను కనీసం రెండు మామూలు మీటింగుల్లో బహిరంగంగా పెట్టాలి. మొదటి దాంట్లో పెంపు ఎందుకు అవసరమో కారణాలతో సహా చూపించాలి. వారమైనా గడిచాకే రెండో దాంట్లో ఓటు. నాలాంటివాడు చదువుకుని రావడానికే ఆ వారం పెట్టారని ఇప్పుడనిపిస్తుంది. చదివాను కూడా. కానీ న్యాయం తెలుసుకోవడానికి కాదు, లొసుగు కోసం.

దొరికింది. 36516 పక్కనే 36516.5 అని ఒక చిన్న సెక్షను. పదవీకాలం మధ్యలో ఉన్న సభ్యుడికి జీతం మారకూడదంటుంది. నా 27వ సవరణకి మేనత్త కూతురన్నమాట! గర్వంతో పొంగిపోయాను. కానీ అదే సెక్షనులో ఒక మినహాయింపు కూడా ఉంది. మా ఊళ్లో అయిదు సీట్లకీ ఒకేసారి ఎన్నికలు రావు. ఒకసారి మూడు, రెండేళ్లకు మిగతా రెండు. ఇలాంటి చోట, ఒక్క సభ్యుడైనా కొత్త పదవీకాలం మొదలుపెడితే చాలు, అందరికీ కొత్త జీతం వర్తింపజేయొచ్చు. ఒకింట్లో పెళ్లైతే వీధి వీధంతా భోజనం. కారణం తేలికే. ఒకే బల్ల ముందు ఒకే పని చేసే అయిదుగురిలో ముగ్గురికి 950, ఇద్దరికి 300 ఇస్తే ఎవరికి బాగుంటుంది? కానీ నేనప్పుడు కారణాలు వినే స్థితిలో లేను. 2026 దాకా ఎన్నికలు లేని ఆ ఇద్దరూ ఊరకే లాభపడుతున్నారని పట్టుకున్నాను.

రెండో మీటింగుకు ఇరవై రెండు మందిని తీసుకెళ్లాను. గ్రూపులో పిలుపిచ్చాను, కార్‌పూల్ లిస్టు వేశాను, వయసైనవాళ్లకు ముందు వరస అన్నాను. మా ఊరి సిటీ హాలు చరిత్రలో అంతమంది భారతీయులు ఒకేసారి రావడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఎనిమిదిమంది మాట్లాడారు. అందరిదీ నేను రాసిచ్చిన మాటే: "నవంబరు ఎన్నికలయ్యేదాకా ఆపండి. ప్రజలు ఎన్నుకున్న కొత్త కౌన్సిల్ నిర్ణయించనివ్వండి." వినడానికి ఎంత ప్రజాస్వామికంగా ఉంది! నాకే చప్పట్లు కొట్టాలనిపించింది.

లాయరు మళ్లీ లేచాడు. అంతే ఓపిక. ఆర్డినెన్స్ ఆమోదించిన ముప్పై రోజులకు గానీ అమల్లోకి రాదు. గెలిచినవాళ్లు డిసెంబరులో ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణానికి ముందే నియమం అమల్లో ఉంటేనే, కొత్త పదవీకాలం మొదలైన క్షణాన జీతం మారుతుంది. ఎన్నికల తర్వాతకి వాయిదా వేస్తే కొత్త కౌన్సిల్ వచ్చి కూర్చుంటుంది. వాళ్ల పదవీకాలం మొదలైపోయి ఉంటుంది. ఇక మళ్లీ ఎవరో ఒకరు కొత్త పదవీకాలం మొదలుపెట్టే 2026 డిసెంబరు దాకా ఎవరికీ పైసా పెరగదు. అసలు ఆ సెక్షను ఉద్దేశమే అది. ఓటు వేసేవాడికి తను రేపు ఆ కుర్చీలో ఉంటాడో లేదో తెలియకుండానే వెయ్యాలి. ఎన్నికలకు ముందు పెంచడమే నిజాయితీ, తర్వాత పెంచుకోవడమే సొంతానికి వడ్డించుకోవడం. నేను సరిగ్గా తలకిందులుగా అడుగుతున్నాను.

ఇదంతా నాకు ఇప్పుడు అర్థమైంది. ఆ రాత్రి ముందు వరసలో మా పెద్దవాళ్లు తలలూపుతుంటే, లాయరు సాకులు చెబుతున్నాడనుకున్నాను.

ఎన్నికల్లో ఉన్న సభ్యుల్లో ఒకాయన మా ఇరవై రెండు మొహాలూ ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టడం చూశాను. మా ఊరి ఎన్నికల్లో ఇరవై రెండు ఓట్లు చిన్న సంగతి కాదు. ప్రజల మనోభావాలను గౌరవిస్తూ ఈ అంశాన్ని పక్కన పెడదామన్నాడు. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. గెలిచాం. వద్దన్న ఇద్దరిలో ఒకావిడ, 2026 దాకా పదవి ఉన్న ఆవిడ, ఏమీ మాట్లాడకుండా తన కాగితాలు సర్దుకుంది. ఊరకే లాభపడబోయినవాళ్లలో ఒకరు కాబట్టి ఆవిడ వైపు కొంచెం గుర్రుగా చూశాను.

ఆ రాత్రి అందరికీ బిర్యానీ నా ఖర్చు. బిల్లు 318 డాలర్లు అయ్యింది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పొద్దున్నే పెదనాన్నకి ఫోన్ చేశాను. ఆయన మా మున్సిపాలిటీలో ఒక దఫా వార్డు కౌన్సిలరు. ఎనభై రెండేళ్లు. చెవులు సరిగ్గా వినపడవు గానీ డబ్బు మాట మాత్రం గుసగుసగా అన్నా వినిపిస్తుంది. విజయం చెప్పాను.

"ఎంతరా వాళ్లకిచ్చేది?"

"మూడు వందల డాలర్లు పెదనాన్నా."

"రోజుకా?"

"నెలకి."

కాసేపు ఏమీ అనలేదు. ఫోన్ కట్టయ్యిందేమో అనుకున్నాను. "మరి పైన?" అన్నాడు.

"పైన ఏం లేదు పెదనాన్నా."

"పైనేం లేకుండా నెలకి మూడొందలకి కూర్చున్నారా? పిచ్చోళ్లా ఏంట్రా వాళ్లు? పిచ్చోళ్ల మీదకెళ్లి నువ్వు గెలిచావా?"

నవ్వాను గానీ లోపల ఎక్కడో కలుక్కుమంది. పెదనాన్న తన రోజులు చెప్పుకొచ్చాడు. గౌరవ వేతనం అనేవాళ్లు. గౌరవం వార్డులో వచ్చేది, వేతనం ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. వచ్చింది టీలకి, చావులకి, పెళ్లి చదివింపులకి సరిపోయేది కాదు. మన దగ్గర కౌన్సిలర్లకి తమ వేతనం తాము పెంచుకునే అధికారమే లేదు. ప్రభుత్వం జీవో ఇవ్వాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం స్థానిక ప్రతినిధుల గౌరవ వేతనాలు పెంచినప్పుడు కూడా హైదరాబాదు కార్పొరేటరుకి దక్కింది నెలకు 6,000 రూపాయలు. ఒక్కో డివిజన్లో వేలకు వేల మంది ఓటర్లు, నెలకి ఆరు వేలు! ఆ 6,000తో ఎవరూ కార్పొరేటరుగా బతకలేరని అందరికీ తెలుసు, అయినా సీటు కోసం ఎంత ఖర్చుపెడతారో కూడా అందరికీ తెలుసు. ఆ రెండు అంకెల మధ్య ఖాళీలో ఏముంటుందో మా పెదనాన్న ఒక్క మాటలో అడిగేశాడు: మరి పైన? ఆ ప్రశ్న నాకు కాలిఫోర్నియాలో ఒక్కసారి కూడా రాలేదు. జీతం తక్కువైతే సేవ, ఎక్కువైతే దోపిడీ అని చిన్నప్పుడెప్పుడో తలకెక్కింది, దాన్ని మళ్లీ విప్పి చూసుకోలేదు. పెదనాన్న మాత్రం అర ఎకరం అమ్మి ఆ పదవి దిగాడు. అది సేవే అనుకుంటాం ఇంట్లో. పెద్దమ్మ మాత్రం ఆ మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

జనవరిలో లైబ్రరీ దగ్గర ఆవిడ ఎదురైంది. కాగితాలు సర్దుకున్నావిడ. పక్కన ఏడెనిమిదేళ్ల బాబు. తప్పించుకుందామని పుస్తకాల బీరువా వెనక్కి తిరిగాను గానీ, "మీరు ఇరవై ఏడో సవరణ గారు కదూ?" అని పలకరించింది. సిటీ హాల్లో నా పేరు అదేనట.

కోపంగా లేదు. వచ్చినందుకు సంతోషమంది. మామూలుగా మీటింగులకు వచ్చేది ఇద్దరేనట. ఒకరు వెనక వరస ముసలావిడ, ఇంకొకరు హాల్లో హీటరు బాగుంటుందని వచ్చే ఒక పెద్దాయన. నేనే అడిగాను, మీకు ఇందులో ఎంత మిగులుతుందని. అడిగే హక్కు నాకు లేదని తెలిసే అడిగాను. ఆవిడ దంతవైద్యుడి దగ్గర పనిచేస్తుంది, బాబుని ఒంటరిగా పెంచుతోంది. నెలకు రెండు కౌన్సిల్ మీటింగులు, రెండు కమిటీలు, నాలుగు సాయంత్రాలు. సాయంత్రానికి నాలుగు గంటలు. బాబుని చూసుకునే అమ్మాయికి గంటకు 22 డాలర్లు. 352. "చేతినుంచి 52 పడుతుంది" అని నవ్వింది. కాగితాలు చదవడానికి పట్టే రాత్రులు లెక్కలో లేవు. జనం ఫోన్లు లెక్కలో లేవు. మాటల్లో తెలిసింది, మా వీధి మలుపులో స్టాప్ గుర్తు పెట్టించింది ఆవిడేనని. ఏడాదిన్నర తిరిగిందట, ట్రాఫిక్ లెక్కలు తీయించి. మా అమ్మాయి రోజూ బడికి అక్కడే రోడ్డు దాటుతుంది. ఆ గుర్తు ఒకరోజు పొద్దున పుట్టగొడుగులా దానంతటదే మొలిచిందనుకున్నాను నేను.

2026లో మళ్లీ పోటీ చెయ్యడం లేదని కూడా చెప్పింది. జీతం వల్ల కాదంది, బాబుకి లెక్కలు కొంచెం కష్టంగా ఉన్నాయట, రాత్రులు దగ్గర ఉండాలట. నా మీద దయతో అలా చెప్పిందో, నిజమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నిజమే అయ్యుంటుందని రోజుకో పూట సర్దిచెప్పుకుంటాను.

ఆ రాత్రి మొదటిసారి స్ప్రెడ్‌షీట్ తెరిచాను. మనిషికి 650 డాలర్ల పెంపు, అయిదుగురికి నెలకు 3,250, ఏడాదికి 39,000. ముప్పై వేల జనాభా మీద పంచితే మనిషికి ఏడాదికి ఒక డాలరు ముప్పై సెంట్లు. మా ఇంట్లో నలుగురం. ఏడాదికి 5 డాలర్ల 20 సెంట్లు. నేను ఆపించిన పెంపు వల్ల మా కుటుంబానికి మిగిలింది అదీ. విజయోత్సవ బిర్యానీ బిల్లు 318. ఆ డబ్బుతో మా ఇంటి వాటా అరవై ఒక్క ఏళ్లు కట్టొచ్చు. పైగా ఆ ఒక్క రాత్రి బిర్యానీ, ఊరిని నడిపే మనిషికి ఊరు నెలంతా ఇచ్చేదానికంటే 18 డాలర్లు ఎక్కువ. ఈ లెక్క మా ఆవిడకి చూపిస్తే, "టిప్పు కలిపారా?" అంది. కలపలేదు.

ఇంత జరిగాక నేను పూర్తిగా మారిపోయానని చెబితే అబద్ధం. ఎవరి జీతం వాళ్లు నిర్ణయించుకునే చోట జనం కన్ను ఉండాలనే ఇప్పటికీ అనుకుంటాను. లాస్ ఏంజెలెస్ లాగా జడ్జీల జీతానికి ముడిపెట్టి చేతులు దులుపుకోవడం కంటే, మా ఊరిలాగా రెండు మీటింగుల్లో జనం ముందు నిలబడి అడగడమే నాకు నచ్చుతుంది. తిట్లు పడాల్సి వస్తుంది కాబట్టే నచ్చుతుందేమో. కానీ నలభై ఏళ్లు ఒక అంకెని కదపకుండా వదిలేసి, ఒక్కసారిగా మూడింతలు చేస్తే నాలాంటి మూర్ఖుడికి పండగే. ఏడాదికి పదిహేను డాలర్లు పెరిగి ఉంటే ఆ వాట్సాప్ మెసేజ్ పుట్టేదే కాదు, నేనూ సిటీ హాలు ముఖం చూసేవాణ్ని కాదు. ఈ తప్పులో కొంత వాటా చట్టానికి అంటగట్టడం నాకు కొంచెం ఊరటగా ఉంటుంది. వదిలెయ్యండి, అదీ మూర్ఖత్వమే.

నవంబరు ఎన్నికలు మళ్లీ దగ్గరపడుతున్నాయి. పోయిన నెల అజెండాలో అదే అంశం మళ్లీ వచ్చింది. ఈసారి పదకొండు పేజీలు. చదివాను, రెండుసార్లు. గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. మంగళవారం సాయంత్రం ఒక్కణ్నే వెళ్లాను. గుమ్మం దగ్గర కార్డు తీసుకుంటుంటే క్లర్కు నన్ను గుర్తుపట్టి, నా వెనక తలుపు వైపు చూసింది, ఇంకెంతమంది వస్తున్నారో అని. ఎవరూ లేరన్నాను. 'అనుకూలం' ఎదుట టిక్కు పెట్టి ఇచ్చాను. ఆమె కార్డు తిప్పి చూసి, "ఇది సరిగ్గానే పెట్టారా?" అంది.

నాలుగో వరసలో కూర్చున్నాను. వేదిక మీద ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటోంది. ఆ కుర్చీలో ఇంకో నాలుగైదు నెలలు. పెంపు వచ్చినా ఆవిడకి ఒక్క డాలరు రాదు. జేబులో నా మూడు నిమిషాల కాగితం నాలుగు మడతలై చెమటకి మెత్తబడింది. వాట్సన్ పేరు అందులో లేదు.

నా పేరు పిలిచారు. లేస్తుంటే వెనక వరసలోంచి ఎవరో భుజం మీద తట్టారు. ముసలావిడ ముందుకి వంగి, ఎంతో సీరియస్‌గా అడిగింది.

"నాయనా, ఇంతకీ ఆ 950, నెలకా, మీటింగుకా?"

"నెలకండీ" అన్నాను.